ఆఫీసు నెట్‌వర్క్‌ని కొత్త విండోస్ సర్వర్‌కి మార్చడం: ఎక్కడ తేలిక, ఎక్కడ తంటా

కొత్త బాక్సులో ఓఎస్ వెయ్యడానికి గంట చాలు. దాన్ని డొమైన్ కంట్రోలర్ (యాక్టివ్ డైరెక్టరీ అనే యూజర్లు, పీసీల జాబితాని ఉంచుకుని లాగిన్లు చూసుకునే సర్వర్) చెయ్యడానికి ఇంకో గంట అనుకోండి. మరి ఈ పనికి వారాలెందుకు పడతాయంటే, పాత సర్వర్ పేరూ దాని ఐపీ అడ్రసూ ఇన్నేళ్లలో ఎవరెవరు ఎక్కడెక్కడ టైప్ చేసి వదిలేశారో ఆఫీసులో ఏ ఒక్కరికీ పూర్తిగా తెలియదు కాబట్టి. స్కానర్‌లో ఉంటుంది, అటెండెన్స్ మెషీన్‌లో ఉంటుంది, ఎప్పుడో ఉద్యోగం మానేసిన మనిషి రాసిన బ్యాచ్ ఫైల్లో ఉంటుంది, అకౌంట్స్ వాళ్ల ఎక్సెల్ లింకుల్లో ఉంటుంది. అందుకని ఇక్కడ సగం ఆ వెతుకులాట గురించే చెప్తాను. ఇన్‌స్టాలర్‌లో నెక్స్ట్ ఎన్నిసార్లు నొక్కాలో చెప్పను, అది మీకు వచ్చు.

నా లెక్కలో ఉన్న ఆఫీసు ఇలాంటిది: సర్వర్ 2012 ఆర్2 గానీ 2016 గానీ నడుస్తున్న ఒకటో రెండో డొమైన్ కంట్రోలర్లు, వాటిలోనే డీఎన్‌ఎస్ (పేరు అడిగితే ఐపీ చెప్పేది), డీహెచ్‌సీపీ (పీసీలకి ఐపీలు పంచేది), ఫైల్ షేర్లు, ప్రింటర్లు, అన్నీ ఒకే చోట కలగాపులగంగా.

ఏ వెర్షన్‌కి వెళ్లాలి

2012, 2012 ఆర్2 లకి మామూలు సపోర్ట్ 2023 అక్టోబర్ 10తో అయిపోయింది. డబ్బు కట్టి తీసుకునే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా 2026 అక్టోబర్ దాకానే. 2016కి 2027 జనవరి 12 ఆఖరు. 2019కి 2029 జనవరి, 2022కి 2031 అక్టోబర్, 2025కి 2034. కొత్తగా డబ్బు పెట్టి లైసెన్స్ కొంటున్నప్పుడు 2025 కొనడమే మేలని అందరికీ అనిపిస్తుంది, తప్పేం లేదు. కానీ అక్కడో మెలిక ఉంది.

2025 సర్వర్‌ని ఉన్న డొమైన్‌లో డొమైన్ కంట్రోలర్‌గా చేర్చాలంటే ఆ డొమైన్ ఫంక్షనల్ లెవెల్ (ఎంత పాత వెర్షన్ డొమైన్ కంట్రోలర్లని ఒప్పుకోవాలో చెప్పే సెట్టింగ్), ఫారెస్ట్ (డొమైన్లన్నీ కలిసిన మొత్తం) ఫంక్షనల్ లెవెల్ రెండూ కనీసం 2016 అయి ఉండాలి. మీ దగ్గర 2012 ఆర్2 డొమైన్ కంట్రోలర్ ఒక్కటి బతికి ఉన్నా లెవెల్ 2012 ఆర్2 దాటి పైకి వెళ్లదు. అంటే 2012 ఆర్2 పక్కన నేరుగా 2025ని నిలబెట్టడం కుదరదు. మధ్యలో 2022 లాంటిది ఒకటి తెచ్చి, పాతవన్నీ తీసేసి, లెవెల్ పెంచి, అప్పుడు 2025 తేవాలి. ఇది తెలియక శుక్రవారం సాయంత్రం పని మొదలుపెట్టి విజార్డ్ ఎర్ర అక్షరాలతో మొరాయిస్తే ఆ వీకెండ్ గోవిందా. 2016 మీద ఉన్నవాళ్లకి ఈ బెడద తక్కువ, లెవెల్ 2016కి పెంచుకుంటే చాలు.

పాత పరికరాలు, పాత అప్లికేషన్లు బోలెడు ఉన్న చిన్న ఆఫీసైతే నా ఓటు 2022కే. 2025లో సెక్యూరిటీ సెట్టింగులు డిఫాల్ట్‌గానే బాగా బిగించారు, ఎన్‌టీఎల్‌ఎమ్ అనే పాత లాగిన్ పద్ధతి మొదటి వెర్షన్‌ని అసలు పీకేశారు, కొత్తగా కట్టిన డొమైన్‌లో ఎల్‌డాప్ సైనింగ్ (డైరెక్టరీతో మాట్లాడే సందేశాలకి డిజిటల్ సంతకం) తప్పనిసరి చేశారు. అవన్నీ మంచివే, కానీ పదేళ్ల నాటి స్కానర్‌కి ఆ సంగతి తెలియదు.

లైసెన్స్ గురించి రెండు ముక్కలు. సర్వర్‌కి కనీసం 16 ప్రాసెసర్ కోర్లకి కొనాలి, స్టాండర్డ్ ఎడిషన్ అయితే దాని మీద రెండు వర్చువల్ మెషీన్లు (ఒకే బాక్సులో విడివిడి కంప్యూటర్లలా నడిచేవి) నడుపుకోవచ్చు. యూజర్లకో పీసీలకో కొనే క్యాల్స్ (సర్వర్‌ని వాడుకునే లైసెన్సులు) కూడా కొత్త వెర్షన్‌వే ఉండాలి, 2012 క్యాల్స్‌తో 2022ని వాడటం కుదరదు. బడ్జెట్‌లో అందరూ మర్చిపోయేది ఇదే. ఇంకోటి, 180 రోజుల ట్రయల్ కాపీ మీద డొమైన్ కంట్రోలర్ కట్టి, తర్వాత కీ కొట్టి అసలుది చేసుకుందాం అనుకోకండి. డొమైన్ కంట్రోలర్‌గా ఉన్నంతసేపూ ట్రయల్‌ని అలా మార్చనివ్వదు.

పాత బాక్సు మీదే అప్‌గ్రేడ్ చేద్దామా?

చెయ్యొచ్చు, చెయ్యొద్దు. మామూలు మెంబర్ సర్వర్ (డొమైన్‌లో చేరినా డొమైన్ కంట్రోలర్ కానిది) అయితే ఆలోచించవచ్చు గానీ డొమైన్ కంట్రోలర్‌ని మాత్రం ఉన్నచోటే అప్‌గ్రేడ్ చెయ్యకండి. పదేళ్ల చెత్త, పాత డ్రైవర్లు, ఎందుకు పెట్టారో తెలియని రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగుల నిల్వ) మార్పులు అన్నీ కొత్త ఓఎస్‌లోకి మోసుకెళ్లినట్టవుతుంది, పైగా మధ్యలో ఆగిపోతే అటూ కాకుండా ఇటూ కాకుండా పోతుంది. కొత్తదాన్ని పాతదాని పక్కన నిలబెట్టి, పనులు ఒక్కొక్కటిగా దానికి అప్పజెప్తూ పోతే దాదాపు ఏ దశలోనైనా వెనక్కి రావచ్చు. స్టాండర్డ్ లైసెన్స్ రెండు వర్చువల్ మెషీన్లు ఇస్తుంది కాబట్టి, ఒకటి కేవలం డొమైన్ కంట్రోలర్‌కి, రెండోది ఫైళ్లకీ ప్రింటర్లకీ. ఈసారైనా ఆ కలగాపులగాన్ని విడదీయండి.

ముందు వెతుకులాట

కొత్త సర్వర్ ఆర్డర్ పెట్టిన రోజే ఇది మొదలుపెట్టండి. జనాన్ని అడిగితే సగమే చెప్తారు, మిగతా సగం పాత సర్వర్‌నే అడగాలి.

డీఎన్‌ఎస్ మేనేజర్‌లో సర్వర్ ప్రాపర్టీస్‌కి వెళ్తే డీబగ్ లాగింగ్ ట్యాబ్ ఉంటుంది. అందులో లోపలికొచ్చే క్వెరీలకి టిక్ పెట్టి, ఫైల్ సైజుకి ఓ పరిమితి ఇచ్చి, వారం పాటు వదిలెయ్యండి. ఆ లాగ్‌లో ప్రతి లైన్‌లో ఎవరు అడిగారో ఆ ఐపీ, ఏ పేరు అడిగారో ఆ పేరు వరసగా పడుతుంటాయి. డీహెచ్‌సీపీ ఇచ్చిన అడ్రసులని పక్కన పెట్టేస్తే మిగిలేవే మీ అసలు జాబితా: చేత్తో ఐపీ పెట్టిన ప్రింటర్లు, కెమెరా రికార్డర్, బ్యాకప్ బాక్సు, బయోమెట్రిక్ మెషీన్, ఏదో మూల కూర్చున్న వైఫై కంట్రోలర్. ఒక్కోదాని పక్కన అది ఏంటో, దాని అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో రాసుకోండి. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియని పరికరం కనీసం ఒకటి తగుల్తుంది, అది ఇప్పుడే తేలాలి, సోమవారం పొద్దున కాదు.

అలాగే పాత సర్వర్‌లో ఎస్‌ఎమ్‌బీ వన్ (నెట్‌వర్క్‌లో షేర్లు తెరిచే పాత ప్రోటోకాల్) ఆడిట్ ఆన్ చెయ్యండి. పవర్‌షెల్‌లో ఎస్‌ఎమ్‌బీ సర్వర్ కాన్ఫిగరేషన్‌లో ఉండే సెట్టింగ్ ఇది, 2012 ఆర్2లో అయితే అప్‌డేట్లు వేసి ఉండాలి. ఆ పాత ప్రోటోకాల్‌తో ఎవరైనా షేర్ తెరిస్తే ఎస్‌ఎమ్‌బీ సర్వర్ ఆడిట్ లాగ్‌లో 3000 నంబరు ఈవెంట్ పడుతుంది, పక్కనే ఆ క్లయింట్ అడ్రస్ కూడా. 2019 నుంచి కొత్త సర్వర్లలో ఎస్‌ఎమ్‌బీ వన్ మామూలుగా ఇన్‌స్టాల్ అయి ఉండదు కాబట్టి ఈ జాబితాలో ఉన్నవి ఒక్కటి కూడా కొత్త సర్వర్‌తో మాట్లాడలేవు.

ఇక సర్వర్ లోపల చూసుకోవాల్సినవి: షెడ్యూల్డ్ టాస్కులు, లాగిన్ స్క్రిప్టులు, గ్రూప్ పాలసీలో (పీసీలన్నిటికీ ఒకేసారి సెట్టింగులు పంపే ఏర్పాటు) మ్యాప్ చేసిన డ్రైవులు, ఏ సర్వీస్ ఏ అకౌంట్‌తో నడుస్తోందో ఆ వివరం, ఇన్‌స్టాల్ అయిన రోల్స్ మొత్తం. అందులో సర్టిఫికెట్ సర్వీసెస్ (డిజిటల్ సర్టిఫికెట్లు జారీ చేసేది) కనిపిస్తే అక్కడే ఆగండి. సర్టిఫికెట్ అథారిటీ రోల్ తియ్యకుండా ఆ డొమైన్ కంట్రోలర్‌ని డిమోట్ (డొమైన్ కంట్రోలర్ హోదా తీసెయ్యడం) చెయ్యనివ్వదు, దాన్ని వేరే సర్వర్‌కి బ్యాకప్ తీసి మార్చడం విడిగా ఓ పని. క్లౌడ్ మెయిల్‌కి యూజర్లని సింక్ చేసే టూల్ ఇదే బాక్సులో ఉందేమో కూడా చూడండి. హార్డ్‌వేర్‌కి ముడిపెట్టిన లైసెన్స్ ఉన్న సాఫ్ట్‌వేర్ అయితే ఆ కంపెనీకి ముందే మెయిల్ పెట్టండి, వాళ్లు జవాబివ్వడానికి పట్టే టైమ్ మీ చేతిలో లేదు.

డొమైన్ ఆరోగ్యం, బ్యాకప్

డొమైన్ కంట్రోలర్‌ని పరీక్షించే డీసీడయాగ్ కమాండ్ రన్ చెయ్యండి, రెప్‌అడ్మిన్ కమాండ్‌తో రెప్లికేషన్ (డొమైన్ కంట్రోలర్లు ఒకదాని మార్పులు ఒకటి కాపీ చేసుకోవడం) సమ్మరీ తీయండి. తప్పులుంటే ముందు అవి సరిచెయ్యండి, కొత్త సర్వర్ వస్తే అవే సర్దుకుంటాయనుకుంటే అవి కొత్తదానికీ అంటుకుంటాయి.

డొమైన్ బాగా పాతదైతే, అంటే 2003 రోజుల్లో పుట్టి అలా వెర్షన్లు మారుతూ వచ్చిందైతే, సిస్‌వాల్ (పాలసీలు, లాగిన్ స్క్రిప్టులు ఉండే షేర్) ఇంకా డీఎఫ్‌ఎస్‌ఆర్ అనే కొత్త పద్ధతికి మారకుండా పాత ఎఫ్‌ఆర్‌ఎస్ రెప్లికేషన్ మీదే ఉండొచ్చు. 2019, ఆపై వెర్షన్లు దాన్ని ఒప్పుకోవు. డీఎఫ్‌ఎస్‌ఆర్‌మిగ్ అనే కమాండ్‌తో ప్రస్తుత స్థితి తెలుస్తుంది. ఎలిమినేటెడ్ అని వస్తే హాయిగా ఉండొచ్చు. రాకపోతే ప్రిపేర్డ్, రీడైరెక్టెడ్, ఎలిమినేటెడ్ అని మూడు మెట్లు ఎక్కించాలి. ప్రతి మెట్టు దగ్గరా అన్ని డొమైన్ కంట్రోలర్లూ ఆ స్థితికి చేరాయని చూసుకున్నాకే తర్వాతిది. ఆఖరి మెట్టు దాటాక వెనక్కి రావడం ఉండదు.

బ్యాకప్ తీసేటప్పుడు సిస్టమ్ స్టేట్ (డైరెక్టరీ, రిజిస్ట్రీ లాంటివి) తప్పకుండా ఉండాలి, డైరెక్టరీ రిస్టోర్ మోడ్ (డైరెక్టరీని బ్యాకప్ నుంచి తిరిగి పెట్టే బూట్ మోడ్) పాస్‌వర్డ్ మీకు తెలిసుండాలి. తెలియకపోతే ఎన్‌టీడీఎస్‌యుటిల్ కమాండ్‌తో ఇప్పుడే మార్చుకోండి. వర్చువల్ మెషీన్ స్నాప్‌షాట్ ఉందిలే అన్న ధీమా డొమైన్ కంట్రోలర్ల దగ్గర పనికిరాదు, ఒక్కదాన్నే పాత క్షణానికి తిప్పితే మిగతావాటితో లెక్క తప్పొచ్చు.

కొత్తది చేరే రోజు

కొత్త సర్వర్‌కి స్టాటిక్ ఐపీ, డీఎన్‌ఎస్‌గా పాత డొమైన్ కంట్రోలర్ అడ్రస్ ఇచ్చి, అప్‌డేట్లన్నీ వేసి, డొమైన్‌లో చేర్చి, డైరెక్టరీ సర్వీసెస్ రోల్ పెట్టి ప్రమోట్ చెయ్యండి, అంటే డొమైన్ కంట్రోలర్‌గా మార్చండి. స్కీమా (డైరెక్టరీ నిర్మాణం) మార్పులు విజార్డే చేసేస్తుంది, కాకపోతే మీ అకౌంట్ ఎంటర్‌ప్రైజ్ అడ్మిన్స్, స్కీమా అడ్మిన్స్ గ్రూపుల్లో ఉండాలి. రీస్టార్ట్ అయ్యాక తొందరపడకుండా సిస్‌వాల్, నెట్‌లాగాన్ షేర్లు కొత్తదానిలో కనిపిస్తున్నాయా చూడండి. అవి రాలేదంటే ప్రమోషన్ అయినట్టు స్క్రీన్ చెప్పినా అది ఇంకా డొమైన్ కంట్రోలర్ కానట్టే.

డీఎన్‌ఎస్ జోన్లు (పేర్ల పట్టికలు) యాక్టివ్ డైరెక్టరీలో కలిసి ఉంటే వాటంతట అవే వచ్చేస్తాయి. ఫార్వర్డర్లు (మన సర్వర్‌కి తెలియని పేర్ల కోసం అడిగే బయటి డీఎన్‌ఎస్‌లు) మాత్రం రావు, వాటిని చేత్తో పెట్టుకోవాలి. ఈ సందర్భంలోనే ఇంకో దురలవాటు వదిలించుకోండి: పీసీలకి మొదటి డీఎన్‌ఎస్‌గా మన సర్వర్, రెండోదిగా ఇంటర్నెట్‌లోని పబ్లిక్ డీఎన్‌ఎస్ ఇచ్చే ఏర్పాటు. మన సర్వర్ ఒక్క క్షణం జవాబివ్వకపోతే పీసీ రెండోదాని దగ్గరికి పోతుంది, దానికి మన డొమైన్ అంటే ఏంటో తెలియదు, లాగిన్ నత్తనడక నడుస్తుంది, మీరేమో కొత్త సర్వర్‌ని తిట్టుకుంటారు. పీసీలకి ఇచ్చే రెండు అడ్రసులూ మన డొమైన్ కంట్రోలర్లవే కావాలి.

తర్వాత ఐదు ఎఫ్‌ఎస్‌ఎమ్‌ఓ రోల్స్, అంటే ఒక్కోటీ ఒకే ఒక్క డొమైన్ కంట్రోలర్ చెయ్యాల్సిన ప్రత్యేక పనులు. ఏ సర్వర్ దగ్గరున్నాయో నెట్‌డామ్ కమాండ్ చెప్తుంది, పవర్‌షెల్‌లో ఒక్క కమాండ్‌తో ఐదూ కొత్తదానికి మారిపోతాయి. ఇందులో పీడీసీ ఎమ్యులేటర్ మారిందంటే డొమైన్ మొత్తానికి గడియారం మారినట్టు, కాబట్టి వెంటనే కొత్తదానిలో బయటి టైమ్ సర్వర్‌ని సెట్ చేసి, పాతదాన్ని డొమైన్ నుంచి టైమ్ తీసుకునేలా మార్చండి. కొత్తది వర్చువల్ మెషీన్ అయితే హోస్ట్ నుంచి టైమ్ సింక్ ఆపెయ్యండి. కెర్బెరోస్ (డొమైన్ లాగిన్ పద్ధతి) ఐదు నిమిషాల తేడా వరకే ఓర్చుకుంటుంది, అది దాటితే లాగిన్లు ఆగిపోతాయి, వచ్చే ఎర్రర్‌లో మాత్రం టైమ్ అన్న మాటే కనిపించకపోవచ్చు.

డీహెచ్‌సీపీ

ఇది తేలికే, ఓ చిన్న జాగ్రత్త తీసుకుంటే. డిఫాల్ట్ లీజ్ (పీసీకి ఐపీ ఇచ్చే గడువు) ఎనిమిది రోజులు, పీసీలు సగం గడువులో రెన్యూ చేసుకుంటాయి. మార్చే రోజుకి పది రోజుల ముందే లీజ్‌ని కొన్ని గంటలకి తగ్గించి, స్కోప్ (పంచే ఐపీల వరస) ఆప్షన్లలో డీఎన్‌ఎస్ జాబితాకి కొత్త సర్వర్ అడ్రస్‌ని కూడా చేర్చేస్తే, మార్చే నాటికి పీసీలన్నీ కొత్త అడ్రస్ తెలుసుకుని కూర్చుంటాయి. ఆ రోజు పాతదాని నుంచి లీజులతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి, పాత సర్వీస్ ఆపి డిసేబుల్ చేసి, కొత్తదానిలో ఇంపోర్ట్ చేసి, ఆథరైజ్ చెయ్యండి. రెండూ ఒకేసారి నడవకూడదు. స్విచ్‌లో వేర్వేరు వీలాన్‌లకి (నెట్‌వర్క్ విభాగాలకి) రిలే అడ్రస్ (డీహెచ్‌సీపీ అడిగితే ఎటు పంపాలో చెప్పేది) పెట్టి ఉంటే అదీ మార్చాలి. అంతా కుదురుకున్నాక లీజ్ మళ్లీ మామూలుకి తెచ్చుకోండి.

ఫైళ్లు: ఎక్కువ టైమ్ తినేది ఇదే

పాత ఫైల్ సర్వర్ విడిగా మెంబర్ సర్వర్‌గా ఉంటే స్టోరేజ్ మైగ్రేషన్ సర్వీస్ వాడండి. 2019 నుంచి విండోస్ సర్వర్‌లోనే వస్తోంది, షేర్లు, పర్మిషన్లు అన్నీ తెచ్చి ఆఖర్న పాత సర్వర్ పేరూ ఐపీ కూడా కొత్తదానికి ఇచ్చేస్తుంది, యూజర్లకి తేడా తెలియదు. కానీ పాతది డొమైన్ కంట్రోలర్ కూడా అయితే ఆ పేరు మార్పిడి చెయ్యదు. చిన్న ఆఫీసుల్లో దాదాపు అన్నిచోట్లా ఉండేది ఈ రెండో రకమే కాబట్టి రోబోకాపీ (విండోస్‌లోనే ఉండే కాపీ కమాండ్) గురించి చెప్తాను.

మొదటి కాపీ మార్పిడికి వారం ముందే, ఓ రాత్రి మొదలుపెట్టండి. సెక్యూరిటీతో సహా అన్నీ కాపీ చేసే ఆప్షన్ ఇవ్వండి, రీట్రై ఒకటి, వెయిట్ ఒక సెకను అని తప్పకుండా పెట్టండి, ఎందుకంటే డిఫాల్ట్‌గా అది పది లక్షల సార్లు, ప్రతిసారీ ముప్పై సెకన్లు ఆగి మరీ ప్రయత్నిస్తుంది, ఎవరో తెరిచి ఉంచిన ఒక్క ఫైల్ దగ్గర పొద్దుటి దాకా నిలబడిపోతుంది. లాగ్ ఫైల్లోకి పంపండి, పొద్దున అందులో ఫెయిల్డ్ కాలమ్ చూస్తే ఏవి రాలేదో తెలుస్తుంది. తర్వాత రోజూ రాత్రి అదే కమాండ్, మారినవి మాత్రమే వస్తాయి. ఆఖరి రోజు పాత షేర్‌ని రీడ్ ఓన్లీ చేసి, తెరిచి ఉన్న ఫైళ్లు మూయించి, ఆఖరి కాపీ. మిర్రర్ ఆప్షన్ వాడేటప్పుడు సోర్స్, డెస్టినేషన్ రెండుసార్లు చూసుకోండి, అది మూలంలో లేనివాటిని గమ్యంలో చెరిపేస్తుంది. తారుమారైతే ఖాళీ ఫోల్డర్ వచ్చి అసలు డేటాని తుడిచేస్తుంది.

కాపీలో రానివి కొన్నుంటాయి. షేర్ పేర్లూ షేర్ పర్మిషన్లూ ఫోల్డర్‌లో ఉండవు, రిజిస్ట్రీలో ఉంటాయి, వాటిని విడిగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి, డ్రైవ్ లెటర్ అదే ఉంటే ఇంపోర్ట్ చేసి రీస్టార్ట్ చేస్తే వచ్చేస్తాయి. కోటాలు (స్థలం పరిమితులు) రావు, షాడో కాపీలు (ఫైళ్ల పాత వెర్షన్లు) రావు. మెంబర్ సర్వర్‌లో లోకల్ గ్రూపులు చేసి వాటికి పర్మిషన్లు ఇచ్చి ఉంటే, ఆ గ్రూపులు కొత్త సర్వర్‌లో ఉండవు కాబట్టి సెక్యూరిటీ ట్యాబ్‌లో ఎస్-1-5 అంటూ పొడుగాటి నంబర్లు కనిపిస్తాయి, జనానికి యాక్సెస్ డినైడ్ వస్తుంది. ముందే డొమైన్ గ్రూపులకి మార్చి పెట్టుకోండి.

మ్యాప్ చేసిన డ్రైవులని గ్రూప్ పాలసీలో రీప్లేస్ అని పెట్టి కొత్త పాత్ ఇవ్వండి. ఎక్సెల్ లింకులు, డెస్క్‌టాప్ షార్ట్‌కట్‌లు మాత్రం పాలసీకి చిక్కవు. వాటి కోసం, పాత సర్వర్‌ని పూర్తిగా తీసేశాక, దాని పేరుని కొత్త ఫైల్ సర్వర్‌కి మారుపేరుగా నెట్‌డామ్‌తో చేర్చెయ్యండి. పాత పాత్‌లు కూడా పనిచేస్తాయి, ఎవరూ వచ్చి మీ కుర్చీ పక్కన నిలబడరు.

ప్రింటర్లు, స్కానర్లు

ప్రింట్ మేనేజ్‌మెంట్‌లో ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ ఉంది, వాడండి, కానీ పాత డ్రైవర్లని మోసుకురాకుండా కొత్తవి దించుకుంటేనే మంచిది. 2021లో బయటపడ్డ ప్రింట్‌నైట్‌మేర్ (విండోస్ ప్రింటింగ్‌లోని సెక్యూరిటీ లోపం) తర్వాత వచ్చిన అప్‌డేట్లతో మామూలు యూజర్ ప్రింటర్ డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసుకోలేడు, కాబట్టి ప్రింట్ సర్వర్ పేరు మారిన మర్నాడు ప్రతి పీసీ అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. డ్రైవర్లని ముందే పీసీలకి పంపేసి ఉంచితే ఆ గొడవ ఉండదు.

స్కాన్ చేసి ఫోల్డర్‌లో వేసే మెషీన్లతోనే తల ప్రాణం తోకకొస్తుంది. ఆడిట్ జాబితాలో ఉన్నవాటికి ముందు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూడండి, చాలావాటిలో ఎస్‌ఎమ్‌బీ టూ ఆన్ చేసుకునే వీలు వస్తుంది. లేకపోతే స్కాన్‌ని మెయిల్‌కి పంపేలా మార్చండి. ఒక్క స్కానర్ కోసం కొత్త ఫైల్ సర్వర్‌లో ఎస్‌ఎమ్‌బీ వన్ ఆన్ చెయ్యమని ఎవరు ఒత్తిడి చేసినా ఒప్పుకోకండి. 2017లో వానాక్రై రాన్సమ్‌వేర్ పాకింది ఆ దారిలోనే.

పాతదాన్ని ఆపడం

వెంటనే డిమోట్ చెయ్యకండి. పాతదానిలో డీఎన్‌ఎస్ డీబగ్ లాగ్ మళ్లీ ఆన్ చేసి ఇంకా ఎవరు అడుగుతున్నారో చూడండి, మీ జాబితాతో పోల్చుకుంటూ ఒక్కొక్క పరికరంలో అడ్రస్ మార్చండి. లాగ్ పల్చబడ్డాక సర్వర్‌ని షట్‌డౌన్ చేసి కొన్ని పనిదినాలు అలా ఉంచండి. అందులో నెలాఖరు గానీ జీతాల లెక్క వేసే రోజు గానీ కలిసి వచ్చేలా చూసుకోండి, నెలకోసారి నడిచే రిపోర్టులు అప్పుడే బయటపడతాయి. ఎవరైనా అరిస్తే పవర్ బటన్ నొక్కడమే, రెప్లికేషన్ దానంతట అదే అందుకుంటుంది. మరీ నెలల తరబడి మాత్రం ఆపి ఉంచకండి, టూంబ్‌స్టోన్ గడువు (డిలీట్ చేసినవాటి గుర్తు డైరెక్టరీలో ఉండే కాలం) మామూలుగా 180 రోజులు, అది దాటితే దాన్ని మళ్లీ నెట్‌వర్క్‌లోకి తేకూడదు.

అంతా ప్రశాంతంగా ఉంటే ఆన్ చేసి, రెప్లికేషన్ సరిచూసి, పద్ధతిగా డిమోట్ చెయ్యండి. తర్వాత డీఎన్‌ఎస్ జోన్లలో నేమ్ సర్వర్స్ ట్యాబ్, సైట్స్ అండ్ సర్వీసెస్ రెండూ చూడండి, పాత పేరు అక్కడ మిగిలిపోయి ఉంటే తీసెయ్యండి. ఐపీ మార్చలేని పరికరాలు ఇంకా మిగిలితే, పాత ఐపీని కొత్త డొమైన్ కంట్రోలర్‌కి రెండో అడ్రస్‌గా తగిలించకండి, రెండు అడ్రసుల డొమైన్ కంట్రోలర్ డీఎన్‌ఎస్‌లో చికాకులు తెస్తుంది. బదులుగా కొత్తదాని ఐపీనే పాతదానికి మార్చేసి, డీఎన్‌ఎస్ రిజిస్టర్ చేయించి, నెట్‌లాగాన్ రీస్టార్ట్ చేసి, డీహెచ్‌సీపీ ఆప్షన్లు, స్విచ్‌లోని రిలే అడ్రసులు సవరించండి.

ఫంక్షనల్ లెవెల్ పెంచడం అన్నిటికన్నా ఆఖర్న, పాత వెర్షన్ డొమైన్ కంట్రోలర్ ఒక్కటీ మిగల్లేదని ఖాయమయ్యాక. ముందు డొమైన్‌ది, తర్వాత ఫారెస్ట్‌ది. 2022లో ఆగేవాళ్లకి 2016 లెవెలే గరిష్ఠం, 2019కీ 2022కీ విడిగా లెవెల్స్ లేవు. 2025కి వెళ్లేవాళ్లు ఇక్కడి నుంచి ప్రమోషన్, రోల్స్, టైమ్ అంతా ఇంకోసారి చెయ్యాలి, కాకపోతే వెతుకులాట అయిపోయింది కాబట్టి ఈసారి నిజంగానే రెండు మూడు గంటల పని. యాక్టివ్ డైరెక్టరీ రీసైకిల్ బిన్ (డిలీట్ అయిన అకౌంట్లని వెనక్కి తెచ్చేది) ఇప్పటిదాకా ఆన్ చేసి లేకపోతే అదీ ఇప్పుడే చేసెయ్యండి. బ్యాకప్ జాబ్‌లో ఇంకా పాత సర్వర్ పేరే ఉందేమో చూసి, కొత్తదాన్ని చేర్చి, ఓ ఫైల్‌ని రిస్టోర్ చేసి చూడండి.